తరిమెన మీద తొలిచే పని

తిరుగుతున్న చెక్కకు ఉలి ఆనించి గుండ్రని వస్తువులు చేయడాన్ని తరిమెన పట్టడం అంటారు. ఇప్పుడు ఎక్కువమంది నోట అది లేత్ పని. మంచం కోళ్లు, బొంగరాలు, అప్పడాల కర్రలు అన్నీ ఆ పనిలో పుట్టినవే. వాటిలో ఉలి బయటి వైపే నడుస్తుంది, ఎక్కడ ఎంత తీస్తున్నదీ కంటికి కనిపిస్తుంది. అదే దుంగకు మూతి చిన్నదిగా ఉంచి, కడుపంతా తొలిచి, పలుచని గోడ మాత్రం మిగిల్చి పాత్ర చేయాలంటే పని స్వభావమే మారిపోతుంది. కుంకుమ భరిణె, లక్కపిడత, మూత డబ్బా, సన్న మెడ కూజా ఈ కోవకు చెందినవి. ఉలి మొన లోపల ఎక్కడుందో పనివాడికి కనబడదు. చేతికి తగిలే అదురు, చెవికి వినిపించే చప్పుడు, మనసులో గీసుకున్న ఆకారం, ఇవే ఆధారం. అందుకే ఈ విద్యను చదివి నేర్చినవారి కన్నా ఒకరి పక్కన నిలబడి నేర్చినవారే ఎక్కువ. తెలుగునాట ఆ పక్కన నిలబడే చోటు ఇల్లు, ఊరు. పశ్చిమ దేశాల్లో ఈ పనిని ఇష్టంగా చేపట్టిన వారు అలాంటి చోటును సంఘాలు పెట్టుకుని మళ్లీ కట్టుకోవలసి వచ్చింది.

ఈ పనికి కావలసిన చెక్క దొరికే ఒక సీమను చూద్దాం. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా అహేరి తాలూకాలోని పెర్మిలి, ఆలపల్లి నుంచి భామ్రాగఢ్ వెళ్లే దారిలో ఉన్న అడవి ఊరు. మాడియా గోండీ, మరాఠీ, తెలుగు మూడూ వినబడే సీమ ఇది. దక్షిణాన సిరొంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, అవతలి ఒడ్డు తెలంగాణ. ఈ అడవుల పేరు దేశానికి తెలిసింది టేకు వల్ల. ఆలపల్లి దగ్గర పాత టేకు చెట్లున్న ఒక భాగాన్ని కొట్టకుండా కాపాడుతూ వచ్చారు. ‘గ్లోరీ ఆఫ్ ఆలపల్లి’ అనే ఆ చోటును 2014లో మహారాష్ట్ర ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. 2023 మార్చిలో అయోధ్య రామాలయం కోసం చంద్రపూర్, గడ్చిరోలి అడవుల టేకు బల్లార్‌పూర్ డిపో నుంచి బయల్దేరింది. దుంగలుగా పోయే ఈ సంపద గురించి చెప్పుకున్నంతగా, దుంగ పోయాక నేలలో మిగిలే మోడు గురించి ఎవరూ చెప్పుకోరు. తొలిచే పనివాళ్లకు మాత్రం ప్రపంచమంతటా ఆ మోడే విలువైనది. వేరు మొదట్లో నార మెలితిరిగి ఉంటుంది, చెక్కలో సుడులు, మచ్చలు ఉంటాయి. పలక కోయడానికి పనికిరాని ఆ ముక్కే గుండ్రని పాత్రకు అందం తెస్తుంది.

లేత్ లేకుండా తొలిచే పని ఈ ప్రాంతానికి కొత్తది కాదు. మాడియాలు నృత్యంలో మెడకు తగిలించుకునే పొడవైన డోలు ఒకే దుంగను రెండు చివరల నుంచీ తొలిచి చేసేది. గోదావరి జిల్లాల తాటి దోనె, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మానును తొలిచి చేసే వీణ కూడా ఇదే జాతి పనులు. వీటిలో బాడిశ, ఉలి కదులుతాయి, చెక్క కదలదు. లేత్ మీద దీనికి పూర్తిగా తలకిందులు: చెక్క తిరుగుతుంది, ఉలి నిలబడాలి. ఆ నిలబెట్టడంలోనే కష్టమంతా ఉంది.

లేత్‌కు చాలా పాత చరిత్ర ఉంది. క్రీ.పూ. 300 ప్రాంతానికి చెందిన ఈజిప్టు పెటోసిరిస్ సమాధి గోడ మీద దాని బొమ్మ కనిపిస్తుంది. భారతదేశపు పాత లేత్ నేల మీద ఉండేది. ఒకరు తాడునో విల్లునో ముందుకూ వెనక్కూ లాగితే చెక్క ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగేది. పనివాడు కింద కూర్చుని, కాలి వేళ్లతో ఉలిని అదిమిపట్టి, చెక్క తన వైపు తిరిగినప్పుడే కోసేవాడు. కరెంటు మోటారు వచ్చాక తిరుగుడు ఒకే దిక్కుకు మారింది, సహాయకుడి అవసరం తీరింది, వేగం పెరిగింది. వేగంతో పాటు ప్రమాదమూ పెరిగింది.

ఇక తొలిచే తీరు. దుంగ ముక్కను రెండు కొసల మధ్య బిగించి ముందు గుండ్రంగా తీస్తారు. అడుగున చిన్న కుదురు చెక్కి, దాన్ని నాలుగు దవడల చక్‌లో పట్టిస్తారు. ఆ తరువాత రెండో కొస ఆసరా ఉండదు, ముక్క ఒక్క వైపు పట్టు మీదే తిరుగుతుంది. బయటి ఆకారం తీసేటప్పుడు అడుగు భాగం కావాలనే లావుగా వదిలేస్తారు. లోపల పని సాగుతున్నంత సేపూ ఆ లావే పాత్రను కదలకుండా పట్టి ఉంచుతుంది. తరువాత నడిమధ్యన, అడుగు మందం వదిలి, కావలసిన లోతుకు డ్రిల్లుతో బెజ్జం వేస్తారు. దీనికి రెండు కారణాలు. ఎంత లోతు వెళ్లాలో ముందే తేలిపోతుంది. పైగా తిరిగే ముక్క నట్టనడుమ చెక్క దాదాపు కదలనట్టే ఉంటుంది, అక్కడ ఉలి కోయదు, నలుపుతుంది. బెజ్జం ఆ మొండి భాగాన్ని ముందే తీసేస్తుంది.

మామూలు గిన్నెలో చెక్క నార లేత్ ఇరుసుకు అడ్డంగా ఉంటుంది. కూజా లాంటి డొల్ల పాత్రల్లో ఎక్కువగా ఇరుసు వెంటే ఉంటుంది, అంటే చెట్టు నిలబడ్డ దిక్కునే పాత్రా నిలబడుతుంది. అందువల్ల కోత దిక్కు మారుతుంది. గిన్నెలో అంచు నుంచి నడుముకు వస్తారు. కూజా కడుపులో నడుమ నుంచి గోడ వైపు లాగాలి. ఎదురు దిక్కున వెళ్తే నార లేచి, చిరిగినట్టు గరుకు తేలుతుంది. మూతి కింద భుజం లోపలికి తిన్నని ఉలి చేరదు, అక్కడ కొన వంగిన ఉలి కావాలి. వంగిన కొన మీద పడే బలం ఉలి కాడను మెలిపెడుతుంది. అందుకే మంచి పనిముట్లలో మెడ ఒకసారి పక్కకు పోయినా కోసే మొన మళ్లీ కాడ గీతలోకి వచ్చేలా వంచుతారు.

ఉలిని ఆనించే కమ్మీ పాత్ర బయటే ఉంటుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఆసరా దాటిన ఉలి పొడవు పెరుగుతుంది. ఒక కొస పట్టి ఉన్న కడ్డీ ఎంత వంగుతుందన్నది ఆ పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. పొడవు రెట్టింపైతే, అదే బలానికి వంపు ఎనిమిది రెట్లు. కడ్డీ మందం రెట్టింపు చేస్తే గట్టితనం పదహారు రెట్లు పెరుగుతుంది. లోతు పనికి లావు ఉక్కు కడ్డీ, దాని చివర చిన్న కోత బిళ్ల, వెనక పొడవాటి పిడి ఎందుకుంటాయో ఈ రెండు లెక్కలే చెబుతాయి. లావు కడ్డీ అదరదు. చిన్న బిళ్ల కొద్ది కొద్దిగానే కోస్తుంది కాబట్టి కరుచుకోదు. ఒకసారి ఉలి కరుచుకుంటే పాత్ర చక్ నుంచి ఊడి ఎగిరి పడవచ్చు, చేయి విరగవచ్చు. మొనను లోపల ఇరుసు ఎత్తులోనో, వెంట్రుకవాసి పైనో ఉంచమని గురువులు చెప్పేది కూడా అందుకే. కడ్డీ కిందికి వంగినా అప్పుడు మొన గోడ నుంచి తప్పుకుంటుంది. బయటి కోతలో ఈ సూత్రం తిరగబడుతుంది.

తొలిచే పని పై నుంచి కిందికి అంచెలంచెలుగా సాగాలి. మూతి దగ్గరి గోడను తుది మందానికి తెచ్చాకే కిందికి దిగాలి. కింద అంతా తీసేశాక పైకి వచ్చి ఇంకొంచెం సన్నం చేద్దామంటే గోడ అప్పటికే అదురుతుంటుంది, ఉలి తగిలితే ముక్కలవుతుంది. కొత్తవాళ్ల పాత్రలు ఎక్కువగా పగిలేది ఈ వెనక్కి రావడంలోనే. పొట్టు కూడా శత్రువే. చిన్న మూతిలోంచి అది దానంతట బయటికి రాదు, పచ్చి చెక్కదైతే కడ్డీ చుట్టూ గట్టిపడి ఉలిని బంధిస్తుంది. కొద్దిసేపటికోసారి యంత్రం ఆపి, గాలితోనో వంపు గరిటెతోనో తీసేయాలి. గోడ మందం కొలవడానికి వంపు కొలబద్దలు ఉన్నాయి. అనుభవజ్ఞులు చప్పుడు వింటారు: గోడ పలుచబడే కొద్దీ కోత స్వరం మారుతుంది. లేత రంగు పచ్చి చెక్కైతే పక్కన దీపం పెట్టి, వెలుగు ఎంత ఎర్రగా దిగుతుందో చూసి మందం గ్రహించేవారూ ఉన్నారు.

ఆరడం మరో పరీక్ష. పచ్చి చెక్క ఆరేటప్పుడు అన్ని దిక్కులా ఒకేలా కుంచించుకోదు. పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి టేకు చెట్టు నడుమ నుంచి బెరడు వైపున సుమారు 2.5 శాతం, వలయాల వెంట 5.8 శాతం తగ్గుతుంది. నిలువునా దాదాపు తగ్గదు. ఈ తేడా వల్లే గుండ్రని పాత్ర ఆరాక కోలగా అవుతుంది, చెట్టు నట్టనడుమ భాగం పాత్రలో చిక్కితే చీలుతుంది. చాలా జాతుల చెక్కతో పోలిస్తే టేకు కుంచింపు తక్కువే, ఆ నెమ్మదితనమే దాని ఖ్యాతికి ఒక కారణం. కానీ టేకులో సిలికా ఉంటుంది, ఉలి అంచు త్వరగా మొద్దుబారుతుంది, పనివాడు మాటిమాటికీ సానరాయి దగ్గరికి వెళ్లాలి. పెద్ద గిన్నెలకు ఒక పాత లెక్క ఉంది: వ్యాసంలో పదో వంతు మందం వదిలి పచ్చిగా తీసి, నెలల తరబడి నీడన ఆరబెట్టి, వంకర తిరిగాక మళ్లీ లేత్ మీద గుండ్రం చేయడం. డొల్ల కూజాలను చాలామంది పచ్చిగానే ఒకేసారి పలుచగా ముగిస్తారు. గోడ అంతటా ఒకే మందం ఉంటే ఒత్తిడి సమంగా పంచుకుని పగలకుండా వంగుతుంది.

గడ్చిరోలి వంటి అడవుల్లోని వేగిస చెట్టు చేవతో గ్లాసులను కూడా లేత్ మీద తొలుస్తారు. రాత్రి నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి గోధుమ రంగు దిగి, వెలుగులో నీలిఛాయ మెరుస్తుంది. మధుమేహానికి ఆ నీళ్లు తాగే అలవాటు వాడుకలో ఉంది, చికిత్స సంగతి మాత్రం వైద్యులను అడగాల్సిందే.

తెలుగువారికి తరిమెన పని అంటే ముందుగా గుర్తొచ్చే ఊరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడి చెక్క అంకుడు. తెల్లగా, మెత్తగా, నార పెద్దగా కనబడకుండా ఉంటుంది, ఏ దిక్కున కోసినా మర్యాదగా తెగుతుంది, లక్కను చక్కగా పట్టుకుంటుంది. లక్కను రంగుతో కలిపి కడ్డీలా చేసుకుని, తిరుగుతున్న బొమ్మకు అదిమిపడితే రాపిడి వేడికే కరిగి పూతలా అంటుకుంటుంది. దాని మీద మొగలి ఆకుతో రుద్దితే నునుపు, మెరుపు వస్తాయి. బ్రష్షు అవసరం లేదు, ఆరబెట్టడం అవసరం లేదు. ఆడపిల్లల లక్కపిడతల బుట్టలో ఉండే వేలెడు కుండ, చట్టి, బిందె ఒక్కొక్కటీ లోపల తొలిచినదే. పరిమాణం చిన్నది కావడం వల్ల కడ్డీ అదురు బాధ తక్కువ, కానీ గోడ తప్పితే సరిదిద్దే చోటే ఉండదు. భరిణె మూతల పని ఇంకా నాజూకు. మూత బిగువుగా కూర్చోవాలి, తీసేటప్పుడు చిన్న ‘ఠప్’ మని ఊడాలి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుందని తెలిసిన పనివాడు ఆ మేరకు సందు వదులుతాడు.

1990ల్లో ఈ ఊరి దారి మారింది. రసాయన రంగులు పిల్లల బొమ్మల్లో క్షేమం కావన్న ఆలోచనతో, ఆ ఊరివారైన సి.వి. రాజు పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి రంగులు తీసి లక్కలో నిలిచేలా చేసే ప్రయోగాలు సాగించారు, కళాకారులను సహకార పద్ధతిలో కూడగట్టారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ఈ పనిని ప్రస్తావించారు. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర వేడుకల్లో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. ఇన్ని గౌరవాల వెనక నిజంగా నిలబడ్డది ఒకే ఊళ్లో పక్కపక్కన ఉన్న లేత్‌ల చప్పుడు. ఒకరి రంగు కుదిరితే మర్నాటికి పక్కింటికి తెలుస్తుంది. సంఘం చేసే పని అదే. అంకుడు చెక్క కొరత మాత్రం ఆ ఊరిని చాలాకాలంగా వెంటాడుతోంది.

కర్ణాటకలోని చన్నపట్న కూడా ఇదే చెక్కతో, ఇదే లక్కతో పేరు తెచ్చుకుంది. గోదావరి ఒడ్డుకు దగ్గరి నిర్మల్, కృష్ణా తీరపు కొండపల్లి పొనికి చెక్క బొమ్మలకు ప్రసిద్ధి. అవి చెక్కి, అతికి చేసేవి, లేత్ పని కావు.

పశ్చిమాన కథ వేరుగా నడిచింది. లండన్‌లో తరిమెన పనివారి శ్రేణికి 1604లో రాజు సనదు ఇచ్చాడు. కర్మాగారాలు వచ్చాక చేతి లేత్ పని బతుకుతెరువుగా చాలావరకు చితికిపోయింది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో దాన్ని తిరిగి ఎత్తుకున్నవారిలో చాలామంది వేరే వృత్తుల వాళ్లు. అమెరికాలో మెల్విన్ లిండ్‌క్విస్ట్ ఇంజినీరు. లోహపు పనిలో చూసిన లోతు బెజ్జాల పద్ధతిని చెక్క కూజాలకు తెచ్చాడు. డేవిడ్ ఎల్స్‌వర్త్ 1970ల మధ్యలో వంపు ఉలులు తానే చేసుకుని, చిన్న మూతిలోంచి పెద్ద కడుపును పలుచగా తొలిచి చూపించాడు. చెక్కలో అంతకుముందు ఊహించని ఆకారాలు అవి. వాటిని చూసినవారికి కలిగిన మొదటి ప్రశ్న, లోపల ఉలి ఎలా తిరిగింది అన్నదే.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికే సంఘాలు పుట్టాయంటే అతిశయోక్తి కాదు. 1985లో టెనెసీ రాష్ట్రంలోని ఆరోమాంట్ చేతిపనుల బడిలో జరిగిన కూటమి నుంచి, 1986లో అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్ ఏర్పడింది. ఎల్స్‌వర్తే దాని తొలి అధ్యక్షుడు. మరుసటి ఏడు, 1987లో, బ్రిటన్‌లోనూ అలాంటి సంఘం వచ్చింది. అమెరికా సంఘానికి ఇప్పుడు 350కి పైగా స్థానిక శాఖలు ఉన్నాయి. నెలకోసారి ఒక షెడ్డులోనో, బడి వర్క్‌షాపులోనో కలుస్తారు. ఒక బల్ల మీద అందరి పాత్రలూ పెడతారు. పగిలినవి కూడా తెస్తారు, ఎక్కడ పగిలిందో చూపడానికి. ఒకరు లేత్ దగ్గర నిలబడి పని చేసి చూపిస్తారు. పాత్ర లోపలిది ప్రేక్షకులకు కనబడదు కనుక పైన కెమెరా, పక్కన తెర ఉంటాయి. కొందరు ఒక పాత పాత్రను నిలువునా రెండుగా కోసి, గోడ ఎక్కడ మందంగా మిగిలిందో అందరి చేతికీ ఇస్తారు. డొల్ల పనికి ఇంతకు మించిన పాఠ్యపుస్తకం లేదు. చెట్టు పడిపోయిన ఇంటివారు ఇచ్చిన దుంగలను చీటీ తీసి పంచుకుంటారు. తీవ్ర జబ్బులతో ఆసుపత్రిలో ఉన్న పిల్లలు తమ చికిత్స గుర్తుగా దాచుకునే పూసల కోసం చాలా శాఖలు మూత డబ్బాలు తొలిచి ఉచితంగా పంపుతాయి. 2020లో కరోనా రోజుల్లో ఈ కూటాలు తెర మీదికి మారాయి. దూరాన ఉన్నవారికీ గొప్ప పనివారిని చూసే వీలు దొరికింది, ఉలి పట్టిన చేతి మీద చేయి వేసి సరిచేసే వీలు మాత్రం పోయింది.

ఈ కూటాల్లో కొత్తవాడికి ముందు నేర్పేది జాగ్రత్త. ముఖమంతా కప్పే కవచం లేకుండా లేత్ దగ్గరికి రానివ్వరు. వదులు చొక్కా చేతులు, తాయెత్తులు, గొలుసులు తీసేయమంటారు. ఊడిన ముక్క ఎగిరే గీతలో నిలబడవద్దంటారు. కంటికి కనబడే దెబ్బల కన్నా చాలామంది పట్టించుకోనిది ధూళి. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషుల్లో కేన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ఇంటి అరుగు మీద లేత్ పెట్టుకుని, పిల్లలు చుట్టూ ఆడుతుండగా గరుకు కాగితంతో రుద్దే మన పనివారికి ఈ హెచ్చరిక మరింత అవసరం.

ఇక మొదట చెప్పుకున్న పెర్మిలి వైపున ఈ పనికి కావలసిన సరుకు గురించి ఒక చట్టపు సంగతి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కలప మీద గ్రామాలకు అమ్ముకునే హక్కు ఇవ్వలేదు. చిన్న అటవీ ఉత్పత్తుల మీద ఇచ్చింది. ఆ ఉత్పత్తుల జాబితాలో వెదురు, తేనె, తునికాకులతో పాటు మోళ్లు, లక్క కూడా ఉన్నాయి. లక్క పురుగు పెరిగే మోదుగ, రేగు, కుసుమ చెట్లు మధ్య భారతపు అడవులన్నిటా ఉన్నవే. సామూహిక అటవీ హక్కులు ఎక్కువగా దక్కిన జిల్లాల్లో గడ్చిరోలి ముందు వరుసలో ఉంది. ఈ జిల్లాలోని మేండా లేఖా గ్రామం 2009లో ఆ హక్కు పొంది, 2011లో తన వెదురుకు రవాణా అనుమతి పత్రాలు తానే రాసుకునే అధికారం సాధించింది. డొల్ల పాత్రకు కావలసిన చెక్క, దాని మీది మెరుపు రెండూ ఇలా చట్టం గ్రామసభల చేతికి ఇచ్చిన జాబితాలోనే ఉన్నాయి. వెదురును గంపగుత్తగా అమ్మినట్టు మోడును కట్టెలకు అమ్మితే వచ్చేది కొద్దే. నాలుగు లేత్‌లున్న ఒక షెడ్డు, ఏటికొప్పాక నుంచి వచ్చి కొన్ని నెలలు ఉండే ఒక పనివాడు, చెక్క ఆరబెట్టడం, పనిముట్ల సాన నేర్పడానికి బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ లాంటి చోటి తోడ్పాటు ఉంటే, ఆలపల్లి, పెర్మిలి, సిరొంచ దారిలో ఈ పని మొదలుపెట్టవచ్చు. అప్పుడు మొదట చేయవలసినవి పెద్ద కూజాలు కావు. అరచేతిలో పట్టే భరిణెలు, వాటికి సరిపడే మూతలు.